విద్యుచ్ఛక్తియు రైతు కుంచమును

గడచిన రబీకాలమున ఎచ్చెర్లకు దాపుననున్న యొక గ్రామమున మొక్కజొన్నచేనికి తడులు పెట్టు విధానమును రైతులకు చూపుచుండగా, ఒక వృద్ధ కర్షకుడు తన నేలబావి గట్టుమీది మోటారు కొట్టమునకు నన్ను దోడ్కొనిపోయి, గోడకు బిగించియున్న చిన్న పెట్టెను చూపెను. అది విద్యుత్ మీటరు. "మీటరంతే కుంచవే కద బాబూ? అయితే ఆ కుంచం ఎవుల సేతిలో ఉంటాదో సెప్పండి ముందల" అని యాతడడిగెను. పైరుకు పట్టిన తెగులేదని యడిగిన నాకు జవాబు తడుముకొనవలసిన పనిలేదు. ఈ ప్రశ్నకు మాత్రము వెంటనే యుత్తర మీయజాలక, మరియొకమాఱు వచ్చి చెప్పెదనని వచ్చితిని. ఈ వ్యాసము ఆ వృద్ధునికి బాకీపడిన జవాబు.

కుంచమనగానే మన ప్రాంతమున పెద్దలకు జమీందారీ కళ్ళములు జ్ఞప్తికి వచ్చును. ధాన్యము కొలుచు కొలగాని చేతివాటమునుబట్టి ఒక పుట్టికి ఎన్ని కుంచములు తేడా వచ్చునో వారి తండ్రులు వారికి చెప్పియున్నారు. 1948లో మదరాసు శాసనముచే ఎస్టేటులు రద్దయ్యెను, కొలగాండ్రును పోయిరి. కాని కొలిచెడివాడొకడు, కొలిపించుకొనువాడొకడు నైనచోట పేచీ యెన్నటికిని పోదు. విద్యుచ్ఛక్తి విషయమున ఈ పేచీకి నూఱేండ్లు దాటిన చరిత్ర గలదు. అది తెలియనిదే మీటరును మెచ్చుకొనుటయు తగదు, విఱుగగొట్టుటయు తగదు.

ముందుగా కొలత యేదో తెలిసికొందము. వేయి వాట్ల శక్తి ఒక గంటసేపు పనిచేసినచో దానిని ఒక యూనిట్ అందురు. ఒక అశ్వశక్తి, అనగా మనవారు హార్సుపవరనునది, 746 వాట్లు. బలిష్ఠుడైన కూలివాడు దినమంతయు అలయక చేయగల పని సుమారు 75 వాట్లని యంచనా. కావున ఒక అశ్వశక్తికి పదిమంది మనుష్యులు కావలయును. ఏతాముమీద నడచినవారికి, గూడ వేసినవారికి ఈ లెక్క బోధపఱచ నక్కఱలేదు. వారి కాళ్ళకు, భుజములకు అది తెలియును. అయిదు అశ్వశక్తుల మోటారు ఏబదిమంది చేయు పనిని తానొక్కటే చేయును. తీగచుట్టలలోను, బేరింగులలోను కొంత శక్తి వేడియై వ్యర్థమగును గనుక, అది లైనునుండి గంటకు ఇంచుమించు నాలుగున్నర యూనిట్లు తీసికొనును. మూడు అశ్వశక్తులది రెండు ముప్పాతిక యూనిట్లు తీసికొనును. ఈ రెండంకెలను దయచేసి గుర్తుంచుకొనుడు. వీనితో ముందు పనియున్నది.

మన దేశమున విద్యుచ్ఛక్తి మొదట పట్టణముల సొత్తు. 1910 నాటి భారత విద్యుత్ చట్టము ప్రకారము కంపెనీలు లైసెన్సు పొంది ఆయా పట్టణములలో వీధిదీపములు, మిల్లులు, ధనికుల యిండ్లు చూచుకొని తీగలు లాగెడివి. పొలములోనికి ఒక మైలు తీగ లాగినచో దానిమీద ఎన్ని దీపములు వెలుగును, ఎన్ని రూకలు రాలును అను లెక్క వేసికొని, ఆ మైలు లాగుట మానుకొనెడివి. వ్యాపారికి అది తప్పుగాదు. మదరాసు ప్రభుత్వము 1927లో విద్యుత్ శాఖను నెలకొల్పి, నీలగిరులలో పైకారా జలపాతమునుండి 1932లోను, మెట్టూరునుండి 1937లోను శక్తి తీయించినది. కోయంబత్తూరు ప్రాంతమున మిల్లులకే గాక బావులకును ఆ శక్తి ప్రాకినది. ఉత్తర సర్కారులలోనున్న మనకు మాత్రము బొగ్గుతోను, చమురుతోను నడచు చిన్న కేంద్రములే పట్టణములలో నుండెను. కొండల నిండ నదులుండియు మన రైతు ఏతాము దిగలేదు.

ఆ లోటు తీర్చినది మాచ్‌ఖండ్. విశాఖ మన్నెమునకును కొరాపుటునకును నడుమ పాఱు ఈ నది డుడుమవద్ద ఐదువందల యడుగులకు పైబడి క్రిందికి దూకును. దానికి పైన జలపుట్‌వద్ద ఆనకట్ట కట్టి, నీటిని గొట్టములలో దింపి యంత్రములు త్రిప్పుటకు మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు 1940 దశకమున ఒడంబడిక చేసికొనెను. ఖర్చునందును శక్తియందును మనవైపు నూటికి 70 పాళ్ళు, ఒరిస్సాకు 30 పాళ్ళు తొలి నిర్ణయము. పని ముగియునాటికి మదరాసు రాష్ట్రమునుండి ఆంధ్ర రాష్ట్రము వేఱుపడియుండెను. 1955 ఆగస్టు 19వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు కేంద్రమును ప్రారంభించిరి. యంత్రము లన్నియు చేరినపిమ్మట దాని శక్తి ఇంచుమించు 1,15,000 కిలోవాట్లు. ఉత్తరాంధ్రమున ఇండ్లలోను, మిల్లులలోను వెలిగిన జలవిద్యుత్తునకు మొదటి చెలమ అదియే.

ఇచట ఒక మాట చెప్పక ముందునకు సాగజాలను. జలపుట్ జలాశయముక్రింద మునిగిన భూములు గిరిజనులవి, పేద సాగుబడిదారులవి. ఇంచుమించు 3,000 కుటుంబములు నేల కోల్పోయెననియు, వానిలో కొలదివానికి మాత్రమే మరల నేల దొరకెననియు పరిశోధకులు వ్రాసియున్నారు. మన యూళ్ళలో దీపము వెలిగిననాడు ఆ కుటుంబములు కొండవాలున పోడు కొట్టుకొనుచుండెను. విద్యుత్తు చౌక యని మనమనునపుడు దాని వెలలో కొంతభాగము మనము చెల్లింపలేదనియు, వేఱొకరు చెల్లించిరనియు అర్థము.

ఆ శక్తియైనను ముందు పొలమునకు వచ్చెనా? రాలేదు. 1950 దశకము చివర గరివిడివద్ద మాంగనీసు ఖనిజమును కరగించు ఫెర్రో మాంగనీసు కొలుములు వెలసెను. విశాఖపట్టణమున ఓడలు కట్టుచోటు, రేవు, చమురుశుద్ధి కర్మాగారము ఉండెను. పెద్ద కొనుగోలుదారు ఒకేచోట, పగలును రాత్రియు ఒకేరీతిగా కొనును. అతనికి తీగ ఒకటి చాలును. రైతు ఏడాదిలో నాలుగు నెలలు కొని, వాన పడినచో అదియు మానును. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము రాష్ట్రములలో విద్యుత్ బోర్డుల నేర్పఱచుమన్నది లాభాపేక్ష లేక పల్లెలకు శక్తిని చేర్చుటకే. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడెను. అయినను బోర్డును రూపాయలు లెక్కించుకొనవలసినదే గదా!

ఆ దినములలో "విద్యుదీకరణమైన గ్రామము" అను మాటకు చిత్రమైన యర్థము గలదు. గ్రామపు టెల్లలలో ఏదో యొక పనికి ఒక్కచోట కరెంటు వాడినను ఆ గ్రామము పట్టికలో కెక్కును. ఊరిచివర ఒక బియ్యపు మిల్లు చాలును. మిగిలిన యిండ్లన్నియు కిరసనాయిలు బుడ్డీలతోనున్నను ఊరు వెలిగినట్లే. కనీసము నూటికి పది గృహములలో వెలుతురుండవలెనను నియమము 2004 వఱకు రాలేదు. పట్టికలను చూచి సంతోషించువారికి ఈ సంగతి చెప్పుచుండవలెను.

1965, 1966 సంవత్సరముల అనావృష్టి ప్రభుత్వము కన్నులు తెఱపించినది. దేశము ఓడలలో వచ్చిన గోధుమలతో కడుపు నింపుకొనెను. అప్పటినుండి దీపముకంటె పంపుసెట్టునకు ప్రాధాన్యము హెచ్చెను. ఆ కాలముననే రిజర్వు బ్యాంకు నియమించిన అఖిలభారత గ్రామీణ పరపతి సమీక్షా సంఘము బి. వెంకటప్పయ్యగారి యధ్యక్షతను పని చేయుచుండెను. ఇది అప్పులను గూర్చి విచారింప నేర్పడిన సంఘము. కాని రైతుకు అప్పిచ్చి, బావి త్రవ్వించి, ఆ బావివద్దకు తీగ లేకున్న అప్పెట్లు తీఱునని ప్రశ్నించి, పల్లెటూళ్ళ విద్యుత్తునకు ప్రత్యేకమైన ద్రవ్యసంస్థ యుండవలెనని సూచించెను. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఆ సూచననుండియే పుట్టెను. ఆ సంస్థ తొలినాళ్ళలోనే అయిదు రాష్ట్రములలో అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములకు పెట్టుబడి పెట్టెను. వానిలో మన తెలుగునాట కరీంనగరం జిల్లా సిరిసిల్లదొకటి. సహకారులమైన మనము గర్వింపదగిన సంగతి యిది. పరపతి సంఘమునకును పంపుసెట్టునకును బంధుత్వ మెట్టిదో అప్పటివారు గుర్తించిరి.

ఈ యాలోచన అమెరికానుండి వచ్చినది. అచట 1935లో పొలములున్న కుటుంబములలో నూటికి పదింటికి మాత్రమే ఇంచుమించుగా విద్యుత్తుండెను. లాభము లేదని కంపెనీలు పల్లెల ముఖము చూడలేదు. ఆ యేడు రూజువెల్టు ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ శాఖను నెలకొల్పి, మఱుసటియేట చట్టము చేసి, రైతులు తామే సంఘములుగా గూడినచో దీర్ఘకాలపు టప్పు తక్కువ వడ్డీకి ఇచ్చెదననెను. రైతులు గూడిరి, స్తంభములు తామే పాతుకొనిరి, ఎన్నుకొన్న డైరెక్టర్లచే సంఘములు నడుపుకొనిరి. రెండు దశాబ్దములలో అచటి పొలములు చాలవఱకు వెలుగుపొందెను. ఆ సంఘముల సమాఖ్యకు చెందిన నిపుణులే మన దేశమునకును వచ్చి ఆ తొలి సంఘముల నేర్పాటునకు తోడ్పడిరి.

సిరిసిల్ల మనకు దూరము, చీపురుపల్లి దూరముగాదు. ఆ ప్రాంతమువారును, అనకాపల్లివారును, చిత్తూరు జిల్లాలో కుప్పమువారును పిమ్మట ఇట్టి సంఘములే పెట్టుకొనిరి. విద్యుత్తును బోర్డునుండి టోకున గొని, తమ తీగలమీద సభ్యులకు చిల్లరగా పంచుట వారి పని. పాలసంఘమును, పరపతి సంఘమును నడిపిన రైతు విద్యుత్తును మాత్రమేల నడుపలేడని వాదించువారికి ఇవి సాక్ష్యములు. సంఘపు తీగనుండి దొంగతనముగా కొక్కెము తగిలించినవాడు బోర్డుసొమ్ము గాక, పొరుగువాని వాటా తినుచున్నాడు, పొరుగువాడూరకుండడు. లైన్‌మను ఊరివాడు, మోటారు కాలిన ఉదయము అతని యింటి తలుపు తట్టవచ్చును. ఇవి చిన్న లాభములు గావు.

అయినను లోపమున్నచోట దాచగూడదు. టోకు ధర నిర్ణయము సంఘము చేతిలో లేదు. సభ్యుల మోటార్లకు వెల తగ్గింపుమని ప్రభుత్వ మాజ్ఞాపించినపుడు ఆ లోటును తిరిగి యిచ్చువఱకు సంఘము చేయిచాచి నిలువవలసివచ్చెను. చేయిచాచిన సంఘము క్రమముగా సంఘము గాకపోయి కార్యాలయమగును. ఎన్నికలు రాజకీయ పక్షములవగును. ఇతర జిల్లాలలో పెట్టిన సంఘములు కొన్ని బోర్డులో కలిసిపోయి, కడకు నాలుగు మాత్రము నిలిచెను. రాష్ట్రవిభజన తరువాత మనకు మిగిలిన మూడింటికి గల లైసెన్సు మినహాయింపును కొనసాగింపక, వాని పంపిణీని విద్యుత్ పంపిణీ సంస్థలు స్వాధీనపఱచుకొనవలెనని 2021లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి యాదేశించెను. తప్పు సంఘములదే యనువారును, ఊపిరి తీసినది వెలనిర్ణయమే యనువారును గలరు. నా మట్టుకు రెండవదే హెచ్చు నిజమని తోచును. తన వస్తువునకు తాను వెలకట్టలేని సంఘమేదియు నిలువదు.

ఇక మన మోటార్ల కథకు వత్తము. ఒకప్పుడు ప్రతి మోటారుకును మీటరుండెడిది. మీటరు చూచువాడు నెలనెల రావలెను, బావులు దూరము, వచ్చినవాని చేతిలో నాలుగు రూపాయలు పెట్టిన అంకె మాఱును, పెట్టకున్న హెచ్చును. రైతులీ బాధ పడలేక మొఱపెట్టిరి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము అశ్వశక్తికి ఏటికి 50 రూపాయలు చెల్లించిన చాలునని నిర్ణయించెను. అయిదు అశ్వశక్తుల మోటారునకు ఏటికి 250 రూపాయలు, అనగా దినమునకు డెబ్బది పైసలలోపు. ఎన్ని గంటలు నడిపినను అంతియే. మీటరుతో పనిలేదు గనుక మీటర్లు మూలబడెను. రైతు ఊపిరి పీల్చుకొనెను. నేనును సంతోషించిన యింటివాడనే.

కాని కొలత పోయినపుడు కొలతతోబాటు సాక్ష్యమును పోయెను. బోర్డువారు తాము కొన్న శక్తి ఇంత, మీటర్లున్న గృహములకు, మిల్లులకు అమ్మినది ఇంత; మిగిలినదానిలో తీగలలో ఇంత పోయినది, తక్కినదంతయు రైతులు వాడిరి అని పద్దు వ్రాయదొడగిరి. పట్టణములో మీటరు తిప్పివేసినవాని దొంగతనమును, పాత తీగల వ్యర్థమును, అన్నియు రైతు ఖాతాలో చేరుటకు అడ్డులేకపోయెను. మాది కాదని చెప్పుటకు రైతుచేత అంకె లేదు. 1990 దశకమున సంస్కరణల కొఱకు లెక్కలు మరల విప్పినపుడు, ఇంచుమించు ఐదవవంతని చెప్పుచువచ్చిన నష్టము మూడవవంతు దాక నుండెనని బయటపడెను. అన్నేండ్లు ఆ తేడాను మోసిన పేరు మనది.

మఱియు ఏటికి 250 రూపాయలకు వచ్చు సరకు ఎట్టిదిగా నుండును? నా బాల్యమున మా పొలమున కరెంటు రాత్రి రెండు గంటలకు వచ్చెడిది. మా తండ్రిగారు లాంతరు పట్టుకొని, కఱ్ఱతో గట్టు తట్టుచు పోయెడివారు, పాము భయము. ఆ వేళకు చుట్టుప్రక్కల మోటార్లన్నియు ఒక్కసారి లేచుటచే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగును, త్రిప్పలేదు, కాలును. ఒక వేసవిలో మూడుసార్లు కాలినది. ఆ యేట వైండింగునకు పెట్టిన సొమ్ముతో పోల్చిన, చౌక కరెంటువలన మాకు మిగిలినదేమియు లేదు. నేను చదివిన మిషను బడిలో గణితోపాధ్యాయుడొకరు దీనిని లెక్కగా బల్లమీద వ్రాయించి, "మీకు ఉచితముగా వచ్చినదేదో, మీరు చెల్లించినదేదో రెండు వరుసలలో వ్రాయుడు" అనిరి. ఆ అలవాటు నన్నింకను విడువలేదు.

1998లో సంస్కరణ చట్టము వచ్చి, 1999 ఫిబ్రవరిలో బోర్డు రెండుగా చీలెను. శక్తి పుట్టించు సంస్థ యొకటి, మోయు సంస్థ యొకటి. 2000 ఏప్రిల్‌లో పంపిణీకి నాలుగు కంపెనీలు వెలసి, మనము విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు ప్రాంత కంపెనీ క్రిందికి వచ్చితిమి. వెనుక ప్రపంచ బ్యాంకు అప్పు నుండెను. ఆ యేట చార్జీలు పెంచగా రాష్ట్రమంతట ఆందోళన చెలరేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులలో ముగ్గురు ప్రాణములు విడిచిరి. నాలుగేండ్లకు, 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ఉచిత విద్యుత్తు దస్త్రముమీదనే మొదటి సంతకము చేసిరి. ఈ నడుమ వచ్చిన 2003 నాటి విద్యుత్ చట్టములో రైతులు తెలిసికొనవలసిన సెక్షను 65వది: ఒక తరగతివారికి వెల తగ్గింపదలచిన ప్రభుత్వము ఆ తగ్గింపు సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగా చెల్లింపవలెను. అనగా ఉచితమన్నది ఉచితము గాదు. మన తరఫున వేఱొక చేయి చెల్లించునది. ఆ చేయి ఆలస్యము చేసిన సంస్థ అప్పుచేయును, అప్పుచేసిన సంస్థ స్తంభము మార్చదు, ట్రాన్స్‌ఫార్మరు వేయదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు స్తంభములను పడవేసినపుడు చీకటిలో కూర్చున్నవారికి ఈ సెక్షను విలువ తెలియును.

మన జిల్లాకు ఈ ఉచితములో వచ్చిన వాటా యెంత? రాష్ట్రమున వ్యవసాయపు మోటార్లు ఇంచుమించు 18 లక్షలని ప్రభుత్వమే చెప్పినపుడు, శ్రీకాకుళం జిల్లాలో నున్నవి 28 వేలు. నూటికి రెండుకంటె తక్కువ. రాయలసీమలో లోతైన బోర్లుగల రైతునకు మోటారు ప్రాణాధారము. మనకు నాగావళి, వంశధార కాలువలు, చెఱువులు, పిమ్మట మెట్టమీది మొక్కజొన్నకు, వేరుసెనగకు మోటారు. కాలువ చివరనున్నవానికిని, వర్షాధారముగా గోగు వేసినవానికిని ఉచిత విద్యుత్తు సున్న. దీనిని ఈర్ష్యతో చెప్పుటలేదు. లెక్కలో ఎవరెచట నున్నారో చూచుకొనవలెను.

శక్తిని తీసికొనుటలో కడపటివారమైనను, శక్తిని పుట్టించుటకు నేల యిమ్మన్నపుడు మాత్రము మనలను ముందువరుసలో నిలిపిరి. సోంపేటవద్ద బీల యను చిత్తడినేల గలదు. వాననీరు పట్టి, చేపలు పెంచి, చుట్టు పొలములకు నీరిచ్చు నేల. దానిలో బొగ్గు విద్యుత్కేంద్రము పెట్టదలచగా జనులు ఎదిరించిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని ఢిల్లీలోని అప్పీలు అధికారసంస్థ ఆ దినముననే రద్దుచేసినది. ఒక్కదినము ముందుగా చేసియుండినచో అని యనుకొనని వారుండరు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలములోని కాకరాపల్లివద్ద మరల అట్టిదే జరిగెను. ఈ రెండుచోట్లను పొలము, ఉప్పు, చేప ఒకవైపునను, మెగావాట్లు ఒకవైపునను తూచబడెను. ఆ మెగావాట్లు ఎవరి మోటారునకు పోవునో మాత్రము అక్కడివారి కెవరును చెప్పలేదు.

మన పొరుగు రణస్థలము మండలములోని కొవ్వాడ సంగతి పాఠకులకు తెలిసినదే. 2009లో అణువిద్యుత్కేంద్రమునకు ఆ తీరమును సూత్రప్రాయముగా నిర్ణయించిరి. ముందొక అమెరికా కంపెనీ రియాక్టర్లన్నారు. పిదప 2016లో గుజరాతునకు అనుకొన్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటిని, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లవి, ఇచటికి మార్చిరి. 2017 మార్చిలో ఆ వెస్టింగ్‌హౌస్ తన దేశములో దివాలా యర్జీ పెట్టుకొనెను. రెండువేల ఎకరములకు పైబడి భూమి, మత్స్యకారుల పల్లెలు కదలవలసినవి. నిర్వాసితుల కాలనీకి మన మండలములోని ధర్మవరమున స్థలము చూచిరి. ఇంతవఱకు ఒక్క యూనిట్ పుట్టలేదు. ఇల్లు కట్టుకొందమా, మానుదమా యని తెలియక ఇన్నేండ్లు గడపిన కుటుంబపు నష్టమును ఏ మీటరు కొలువదు. అణుశక్తి మంచిదా చెడ్డదా యను పండితచర్చకు నేను దిగను. తీసికొనదలచిన తీసికొని వెలకట్టవలెను, వలదనుకొన్న వదలివేయవలెను. ఈ రెంటికిని నడుమ మనుష్యులను వ్రేలాడదీయుట ఏ నీతిశాస్త్రమునను లేదు.

ఇప్పుడు వృద్ధుని కుంచమునొద్దకు మరల వత్తము. 2020లో రాష్ట్రములు అదనముగా అప్పు తెచ్చుకొనుటకు కేంద్రప్రభుత్వము పెట్టిన షరతులలో విద్యుత్ సంస్కరణ యొకటి. ఆ సెప్టెంబరులో మన రాష్ట్రప్రభుత్వము మోటార్లకు మీటర్లు పెట్టి, రాయితీ సొమ్మును రైతు పేరిట బ్యాంకు ఖాతాలో వేసి, అటనుండి పంపిణీ సంస్థకు చెల్లించు పద్ధతిని ప్రకటించి, తొలి ప్రయోగమునకు శ్రీకాకుళం జిల్లాను ఎన్నుకొనెను. ఎందుకు మనమే యనగా, మోటార్లు తక్కువగుటచే పని సులువు, పేచీ స్వల్పము అని నా యూహ. 2020-21లో 26,083 మోటార్లు 101.51 మిలియన్ యూనిట్లు వాడెననియు, మఱుసటియేట మోటార్లు 28,393కు పెరిగినను వాడకము 67.76 మిలియన్ యూనిట్లకు తగ్గెననియు, 33.75 మిలియన్ యూనిట్లు ఆదా యయ్యెననియు ప్రభుత్వము ప్రకటించెను.

ఈ యంకెలను మనమే తూచి చూతము. మొదటి యేడు ఒక్క మోటారు సగటున 3,892 యూనిట్లు, రెండవ యేడు 2,387 యూనిట్లు. గంటకు నాలుగున్నర యూనిట్లు త్రాగు అయిదు అశ్వశక్తుల మోటారు, దినమునకు ఏడు గంటల చొప్పున, మొదటి లెక్కకు 124 దినములు, రెండవ లెక్కకు 76 దినములు నడువవలెను. మూడు అశ్వశక్తులదైనచో 202 దినములు, 124 దినములు. ఇక మీరే చెప్పుడు: మన ప్రాంతమున ఖరీఫు వరికి కాలువయో వానయో యుండగా, చిన్న మోటారు సంవత్సరములో రెండువందల దినములు ఏడేసి గంటలు నడచుట మీ యెఱుకలో గలదా? నాకు కనబడలేదు. మీటరు పెట్టినంతమాత్రమున మోటారు తక్కువ త్రాగదు. వెల సున్నయే గనుక రైతుకు పొదుపు చేయవలసిన కొత్త కారణమును లేదు. వాన తేడా కొంత యుండవచ్చును. మిగిలినదానికి తేలికగా తోచు వివరణ, మొదటి యంకెలో కొలవక యంచనా కట్టిన భాగము హెచ్చుగా నుండెననుటయే. అట్లయినచో ఆదాయైనది కరెంటు గాదు, రైతు మీద వ్రాసిన తప్పు పద్దు. మీటరు రైతుకు విరోధమని కొందఱు, మేలని కొందఱు పోట్లాడుచుండగా, మీటరు తొలి సాక్ష్యము మన పక్షముననే పలికినదని నా తలపు.

భయపడువారి భయమును తీసివేయదగినది గాదు. నేడు ఖాతాలోనికి వచ్చు రాయితీ రేపు ఆలస్యమైనచో తీగ కోసెదరా? పరిమితి పెట్టెదరా? మీటరు ఖర్చు ఎవరిమీద పడును? ఇవి న్యాయమైన ప్రశ్నలు. వ్రాతమూలకముగా జవాబు పొందవలసినవి. కాని ఈ ప్రశ్నలకు సమాధానము కోరుటకును చేత అంకె యుండవలెను. అంకె లేనివాడు 1983 నుండి ముప్పదియేడేండ్లు ఏమి చెప్పుకొనగలిగెను?

నేను మరల ఆ గ్రామమునకు పోయినపుడు వృద్ధునితో ఇట్లంటిని: "తాతా, కుంచము వారిదే, కాని కొలిచినపుడు ప్రక్కన నిలిచి గీత గీయుట మీ చేతిలో నున్నది. వెనుక కళ్ళములో మీ తండ్రులు చేసినదదియే." మీటరుమీద యూనిట్ల సంఖ్య వచ్చు చోటును, చుక్క తరువాతి అంకెను విడువవలెననియు చూపితిని. నెల మొదటిదినమున ఆ సంఖ్యను, ఆ నెలలో తడిపెట్టిన దినములను వ్రాసికొనుమని, దినములను గంటలతోను గంటలను నాలుగున్నరతోను హెచ్చించిన వచ్చునది మీటరు సంఖ్యకు దగ్గఱగా నుండవలెనని చెప్పితిని. దగ్గఱగా లేకున్న లోపము మోటారులోనైన నుండవలెను, మీటరులోనైన నుండవలెను. ఆ కాగితమును సంఘము కార్యాలయమునకు తీసికొనివచ్చిన తనిఖీ కొఱకు అర్జీ వ్రాసిపెట్టుదుము.

ఆతనికి వ్రాత రాదు. బడికి పోవు మనుమరాలు కొట్టపు గోడమీద బొగ్గుతో వ్రాయుచున్నది. మొన్న చూచినపుడు ఆరు నెలల వరుసలు గలవు. నాలుగవ నెల తరువాత తడుల దినములు అన్నియే యుండగా యూనిట్లు మాత్రము తగ్గినవేమని యడిగితిని. ఫుట్‌వాల్వు కారుచుండెననియు, ప్రతి దినము మోటారు ఊరక తిరిగి నీరెత్తుటకు చాలసేపు పట్టుచుండెననియు, అంకె చూచి యనుమానించి దానిని మార్పించితిననియు ఆతడు చెప్పెను.